అవ్వ ఎత్తుకు గట్టు

మా బాపు ఇల్లు చూడటానికి పోతే గోడలు చూడడు, కిటికీలు చూడడు, ముందు తలెత్తి కప్పు చూస్తాడు. జీవితమంతా బొగ్గుబాయిలో చేసిన మనిషి. బాయిలో దిగినవాళ్లు పనికి చేయి పెట్టే ముందు నెత్తి మీది కప్పును ఇనుపకడ్డీతో తట్టి, చెవి పెట్టి వినాలి. గట్టిగా మోగితే పని మొదలుపెట్టొచ్చు. డొల్లగా మోగితే ఆ పెళ్లను ముందు కూలగొట్టాలి, లేకపోతే అదే వచ్చి మీద పడుతుంది. ఆ అలవాటు బాయి గేటు దగ్గర ఆగలేదు. పెళ్లికి పోతే ఫంక్షన్ హాలు కప్పు చూసేవాడు. నా సంబంధం కోసం మహబూబాబాద్ పోయి వచ్చిన రోజు, పిల్లగాడు ఎట్లున్నాడని అవ్వ, అంటే మా అమ్మ, అడిగితే, "ఇంటి కప్పు మంచిగున్నది" అన్నాడు. అవ్వ చేతిలోని చాట కింద పెట్టి నా వైపు చూసింది. ఆ సంబంధమే కుదిరింది, ఆ కప్పు కిందే నా కాపురం. ఇప్పటిదాకా ఒక్క పెచ్చు ఊడలేదు కాబట్టి ఆ విషయంలో బాపును అనడానికి ఏమీ లేదు.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీద ఉన్న రోజుల్లో మేము జనగామలో ఫ్లాట్ కొన్నాం. బాపు రిటైర్మెంట్ దగ్గరపడింది. భూపాలపల్లిలో ఉంటున్నది కంపెనీ క్వార్టర్, దిగిపోయాక ఖాళీ చేయాల్సిందే. అవ్వ పుట్టినూరు జనగామ పక్కనే, మా చిన్నమ్మ జనగామలోనే ఉంటుంది, నేను మహబూబాబాద్‌లో రైలెక్కితే మధ్యలో మారే పని లేకుండా అక్కడ దిగొచ్చు. అన్నీ కుదిరాయి, డబ్బు తప్ప. మా తాహతుకు దొరికింది మార్కెట్ వెనక పాత బిల్డింగ్‌లో మొదటి అంతస్తు ఇల్లు. కింద టోకు దుకాణం నడిపే సేటు దాన్ని ఏళ్ల తరబడి ఎండుమిర్చి గోదాంగా వాడాడు. తలుపు తీసిన రోజు బాపు కప్పు చూస్తున్నాడు, నేను ఆపకుండా తుమ్ముతున్నాను, సేటు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి, "గాలి మంచిగొస్తదమ్మా" అన్నాడు. వచ్చిన గాలంతా మిర్చి ఘాటే.

అవ్వ ఇల్లు చూడటానికి రాలేదు. "నేనొచ్చి ఏం జూస్త, మీరు జూడున్రి. నాకు ఒక్కటే గావాలె. వంటగట్టు నా ఎత్తుకు గట్టియ్యున్రి" అంది.

మా అవ్వ పొట్టిది. మరీ అంత పొట్టి కాదని ఆవిడ వాదన, దాన్ని ఆవిడకే వదిలేస్తున్నాను. క్వార్టర్లు కట్టినవాళ్లు ఏ ఆడమనిషిని ఊహించుకుని గట్లు కట్టారో గానీ, పొయ్యి మీది గిన్నెలో ఏముందో అవ్వకు కనిపించేది కాదు. పెళ్లయిన కొత్తలో ఉడుకుతున్న పప్పు మీదికి ఒలికి చేయి కాలింది. మోచేతి దగ్గర మచ్చ ఇప్పటికీ ఉంది. మర్నాడు బాపు బాయి నుంచి వస్తూ, కప్పుకు ఆసరాగా నిలబెట్టే దుంగల్లో కోయగా మిగిలిన ముక్క ఒకటి తెచ్చి గట్టు ముందు వేశాడు. జానెడు ఎత్తు దిమ్మె. అప్పటి నుంచి అవ్వ దాని మీద నిలబడే వండింది. క్వార్టర్లు మారాయి, ఊళ్లు మారాయి, దిమ్మె మాత్రం సామాన్లతో పాటు వెంట వచ్చింది. అవ్వ పాదాలు పడేచోట గుంత పడి నున్నగా అయిపోయింది. ఒకసారి దాని మీద నుంచి జారి మోకాలికి దెబ్బ తగిలించుకుంది. ఉప్పు డబ్బా కోసం దిగాలి, నీళ్ల చెంబు కోసం దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎక్కడం దిగడం తగ్గించమని దవాఖానలో డాక్టరు చెప్తే, "గా దిమ్మె ఎక్కుడు బంద్ జేస్తే మీకు గంజి సుత దొరకది" అని మా మీద నవ్వేది. కానీ ఫ్లాట్ మాట వచ్చినప్పుడు నవ్వలేదు. "సొంతింట్లనన్న నేల మీద నిలవడి వండుకుంట బిడ్డా" అంది. పట్టుచీర అడగలేదు, బంగారం అడగలేదు. ఆ ఒక్కటీ చేయకపోతే ఇక ఎందుకు మేము అనిపించింది నాకు.

ఇల్లు కొనడానికే ఉన్నదంతా ఊడ్చి పెట్టాం. బాగు చేయించడానికి నెలనెలా వచ్చే జీతాల మీద ఆధారపడదామనుకున్నాం. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బాపుకు జీతం లేదు, టీచర్‌నైన నాకూ లేదు. పని కొన్నాళ్లు ఆపుదామా అని అడిగాను.

"ఎట్లయిన ఖాళీగనే ఉన్నం గద. మనమే జేసుకుందాం" అన్నాడు బాపు. తెలంగాణ ఇచ్చేదాకా బాయిలో దిగమని అందరితో పాటు గేటు ముందు కూర్చున్న మనిషే, కానీ ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. కూర్చోబెడితే అవ్వకు వంటలో సలహాలు చెప్తాడు. అందుకని అవ్వ కూడా, "పోనీ, ఆయినను పని మీద దోలుండ్రి" అని ఒప్పుకుంది.

గట్టు ఎత్తు కొలిచింది భూపాలపల్లి క్వార్టర్‌లోనే. నేనూ ఉన్నాను. అవ్వ పొయ్యి ముందు నిలబడి సర్వపిండి ఒత్తుతోంది. బాపు సుతిలి తాడుకు ఒక నట్టు కట్టి మేస్త్రీల గుండులాగా వేలాడదీసి, "నీకు ఏడిదాక ఉంటె అల్కగుంటదో చెయ్యి వెట్టి జూపియ్యి" అన్నాడు. అవ్వ పిండి చేత్తోనే నడుము పక్కన చూపించింది. "గీడికి. గీడికుంటె సాలు." నేను తాడు కొస అక్కడ పట్టుకున్నాను. బాపు వంగి, నట్టు నేలకు ఆనిందని చూసుకుని, పైన ముడి వేశాడు.

"మళ్లొక్కపారి జూడున్రి, తక్కువెక్కువ అయితది" అంది అవ్వ.

మళ్లీ చూశాం, ముడి దగ్గరికే వచ్చింది. ముగ్గురం సంబరపడి వేడి సర్వపిండి తిన్నాం. ఆ తాడును బాపు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తన షిఫ్టు దోస్తులిద్దరిని వెంటబెట్టుకుని, బండి మీద జనగామ పోయాడు బాపు. నేను రైలు దొరికిన రోజున పోయేదాన్ని. రైలు రోకో ఉంటే కాజీపేటలోనే ఆగిపోయి, ఆపినవాళ్లతో కలిసి చాయ్ తాగి, వాళ్ల నినాదాలకు గొంతు కలిపి, రైలు కదిలితే ఎక్కేదాన్ని. అట్లా ఒకరోజు పోయేసరికి ముగ్గురూ ముఖాలకు తువ్వాలలు చుట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని, హాలు కప్పును కడ్డీలతో తడుతున్నారు. తట్టడం, వినడం, డొల్ల అనడం, కూలగొట్టడం. కప్పుకు పూసిన సిమెంటు గిలాబు పెచ్చులతో పాటు ఏళ్లనాటి మిర్చి దుమ్ము రాలుతోంది. తుమ్ముతూనే చెవి పెట్టి వింటున్నారు. తుమ్ములో ఏం వినిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మేస్త్రి, మా చిన్నమ్మ ఇంటి పక్కనుండే మనిషి, గడపలో నిలబడి నెత్తి పట్టుకున్నాడు. "కాకా, గిది బాయి కాదే. గా మూల జర ఊడింది, మిగిలిందంత మంచిగనే ఉండె. గిదంత ఎందుకు కొట్టిన్రు?"

"డొల్ల మోగింది" అన్నాడు బాపు.

"గిలాబు అన్నంక ఆడాడ మోగుతది. మోగనియ్యరాదు?"

"మోగనిచ్చినోళ్లను మోసుకొచ్చినం మేము" అన్నాడు బాపు, కడ్డీ దించకుండానే. దోస్తులిద్దరూ అటు తిరిగి తట్టడం మొదలుపెట్టారు. మేస్త్రి తల అడ్డంగా ఊపుతూ మెట్లు దిగాడు.

ఆ పూటకు నేను ఊరుకున్నాను. తర్వాత అన్నాను, అనకుండా ఉండే రకం కాదు నేను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేలకు టైల్స్ వేద్దామని పక్కకు పెట్టుకున్నదంతా కప్పుకు కొత్త గిలాబు చేయించడానికే పోయింది. అవసరం లేని పని. పైగా పెచ్చులు హాలు మధ్యలో కుప్ప పోసి ఉన్నాయి. వాటిని ఎత్తుకుపోవడానికి బంద్‌లలో ఒక్క ట్రాక్టరు దొరకలేదు. సేటు మెట్లెక్కి వచ్చి, "అన్నా, బంద్‌కు గిరాకి లేదు, మీ దుమ్ముకు ఉన్నోడు సుత వస్తలేడు" అని మొత్తుకున్నాడు. మొత్తుకుని కిందికి పోయి అందరికీ చాయ్ పంపాడు. మిర్చి బస్తాలకు తేమ తగలకుండా కింద పరిచిన నల్లటి కడపబండలు కూడా మాకే వదిలేశాడు. వాటినే గీకి, కడిగి, మళ్లీ కడిగి గట్టుకు వాడాలనుకున్నాం.

బాపు ముడి వేసిన తాడును మేస్త్రికి అప్పగించాడు. మేస్త్రి దాన్ని గోడకు ఆనించి గీత గీసి, గోడకు గాడి కొట్టి, బండను అందులోకి దిగ్గొట్టి సిమెంటు పెట్టాడు. నున్నటి గట్టు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తే తప్ప మిర్చి ఆనవాలు లేదు. బాపు పొడగరి, నేను బాపు పోలిక. దాని ముందు నిలబడితే ఇద్దరికీ హాయిగా ఉంది. మాకు అంత హాయిగా ఉన్నది అవ్వకు ఎట్లా ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

అవ్వ ఇల్లు చూడటానికి వస్తున్న రోజున జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తుల్లో కూర్చుని తింటారు, బండ్లన్నీ ఆగుతాయి. అవ్వ ఎక్కి వచ్చిన జీపు కూడా ఆగింది. ఎంతకీ రాకపోతే నేనూ బాపూ వెతుక్కుంటూ పోయాం. జనంలో ఎక్కడుందోనని పరేషాన్ అవుతుంటే గొంతు ముందు వినపడింది. మూడు రాళ్ల పొయ్యి ముందు, నాలుగు ఇటుకలు పేర్చుకుని వాటి మీద కూర్చుని, గంజులో పప్పుచారు కలుపుతోంది మా అవ్వ. చుట్టూ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ఆవిడ చెప్పినట్టు వింటున్నారు. ఇస్త్రీ చొక్కా ఉద్యోగి ఒకాయన ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"సారూ, గింత లావుగ కోస్తె గిది తెలంగాణ అచ్చినంకనే ఉడుకుతది" అంది అవ్వ. ఆయన కళ్లు తుడుచుకుని సన్నగా కోయడం మొదలుపెట్టాడు.

అందరితో పాటు రోడ్డు మీదే తిన్నాం. అవ్వ ముఖం వెలిగిపోతోంది. ఇంటికి నడుస్తుంటే నా భుజం పట్టుకుని, "గా పొయ్యి నా ఎత్తుకు మంచిగ సరిపోయింది బిడ్డా. మనింట్ల సుత గట్లనే ఉంటది గద" అంది. "సూస్తవు గద" అన్నాడు బాపు ముందు నడుస్తూ. పండగకు కొత్త బట్టలు దాచిపెట్టిన పిల్లవాడి నడక అది.

మెట్లెక్కింది, తుమ్మింది, బాపు చూపించిన కప్పును చూసి బాగుందంది. తర్వాత వంటగదిలోకి పోయి గట్టు ముందు నిలబడింది. గట్టు ఆవిడ ఛాతీ దాకా వచ్చింది. రెండు చేతులూ బండ మీద పెట్టింది. మోచేతులు భుజాల దాకా లేచాయి.  అక్కడే ఉన్న మేస్త్రి గబగబా తాడు తీసి కొలిచి చూపించాడు. నట్టు నేలకు ఆనింది, ముడి బండ అంచుకు వచ్చింది. అతని తప్పు లేదు.

అవ్వ బండను అరచేత్తో నిమిరింది. "మంచిగున్నది" అంది. ఆ తర్వాత కిందికి అటూ ఇటూ చూసి, మామూలుగా అడిగింది: "దిమ్మె తెచ్చిన్రా?"

బాపు గోడకు ఆనుకుని అట్లాగే కింద కూలబడ్డాడు. "దిమ్మె మీద నిలవడ్డవు గదనే ఆనాడు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. సర్వపిండి ఒత్తిన రోజున అవ్వ దిమ్మె మీదే ఉంది. చీర కుచ్చిళ్లు దాని మీద పడి ఉన్నాయి. నట్టు దిమ్మె పక్కన నేలకు ఆనింది. అంటే మేము ముడి వేసుకుని జేబులో పెట్టుకుని వచ్చింది క్వార్టర్ గట్టు ఎత్తే. అవ్వ కాళ్ల కింద దిమ్మె ఉన్నదన్న సంగతి మాకే కాదు, అవ్వకే గుర్తు లేదు. అంతకాలం నిలబడింది దాని మీద. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అవ్వే నవ్వింది. "పోనియ్యిన్రి. నా కాళ్లకు దాన్ని ఇడిసిపెట్ట బుద్ధయితలేదు కావచ్చు" అంది. చిన్నమ్మ ఇంట్లో పడుకుంటానని వెళ్లిపోయింది. పోయేముందు మళ్లీ వంటగది వైపు చూడలేదు. మాటల్లో నవ్వు ఉంది గానీ అవ్వ అట్లా చూడకుండా పోయే మనిషి కాదు, కొత్త గిన్నె కొంటేనే పదిసార్లు తిప్పి చూస్తుంది. బాపు ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

పగలగొట్టి మళ్లీ కడదామని నేను పట్టుబట్టాను. "బండ తీస్తె ఇరుగుతది అక్కా. గోడ సుత ఊడుతది" అన్నాడు మేస్త్రి. కొత్త బండ కొనే స్తోమత మాకు లేదు, సమ్మె ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి బాపు హాలులో పెచ్చుల కుప్ప ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని, వంటగది వైపు చూసి, మళ్లీ కుప్ప వైపు చూశాడు.

"గట్టు దించరాకపోతె నేల లేపుదాం" అన్నాడు.

మేస్త్రి నవ్వాడు, బాపు నవ్వలేదు. బాయిలో బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక దట్టించి నింపుతారు, పైన భూమి కుంగకుండా. బాపుకూ దోస్తులకూ అది తెలిసిన పనే. "చిన్న అర్ర, నాలుగు దిక్కుల గోడ ఉన్నది" అని మేస్త్రి తనలో తనే అనుకుంటూ కిందికి పోయి, సేటు దుకాణంలో నుంచి వంటగది కింది భాగం, దూలాలు చూసి వచ్చి, సరేనన్నాడు. ముగ్గురూ తట్టలతో పెచ్చులు మోసి, దంచి, నీళ్లు చల్లి, మళ్లీ దంచారు. ఈసారి అవ్వను పిలిపించి, చెప్పులు విప్పించి, చీర కుచ్చిళ్లు చేత్తో పైకి పట్టుకోమని, నేనే దగ్గరుండి కాళ్లు చూసి మరీ కొలిచాను. అవ్వ సిగ్గుపడుతూ, "గిదేం కొలుసుడే, దర్జీ తీర్గ" అంది. పైన సిమెంటు వేసి నున్నగా రుద్దాడు మేస్త్రి. టైల్స్ లేవు. నేల లేచింది కాబట్టి తలుపు తెరుచుకోదు, దాన్ని తీసేసి పరదా కట్టాం. అవసరం లేకుండా బాపు కూలగొట్టిన కప్పంతా అవ్వ కాళ్ల కిందికి పోయింది. దాని గురించి నేను సాధించడం ఆ రోజుతో మానేశాను, దాదాపుగా.

చలికాలం పోకముందే బాపు రిటైరయ్యాడు. అప్పటికి సమ్మె ముగిసింది, తెలంగాణ ఇంకా రాలేదు. భూపాలపల్లి నుంచి సామాన్ల లారీలో దిమ్మె కూడా వచ్చింది. పారేయడానికి ఎవరికీ మనసు రాలేదు. హాలుకూ వంటగదికీ మధ్య మెట్టు కావాల్సి వచ్చింది కదా, అక్కడ వేశాం.

మొదటి రోజు పొద్దున అవ్వ పాలు పొంగించడానికి వంటగదిలోకి వచ్చింది. అగ్గిపెట్టె తీసి, గట్టు ముందు నిలబడి, కుడికాలు కొంచెం ఎత్తింది. ఏదో వెతుకుతున్నట్టు ఆ కాలు నేల మీద అటూ ఇటూ కదిలింది. ఏమీ తగలలేదు. మెల్లగా కాలు దించి, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టుకుని నిలబడింది. గిన్నెలోకి తొంగి చూసింది. పొంగు వచ్చేదాకా అట్లాగే చూస్తూ ఉంది.

చాయ్ గ్లాసులు కడగడానికని బాపు దిమ్మె ఎక్కి లోపలికి వచ్చాడు. గట్టు ఆయన తొడల దాకా వచ్చింది. నడుము బాగా వంచి, ఒక చేయి బండకు ఆనించి కడుగుతున్నాడు.

"నడుము నొస్తదా?" అడిగింది అవ్వ.

"నొస్తది" అన్నాడు బాపు.

"నాకు నొస్తలేదు" అంది అవ్వ.

 బాపు వంగి ఉండే మిగిలిన గ్లాసులన్నీ కడిగాడు.